వైజాగ్ నుంచి విదేశీ వార్డుకు: నర్సింగ్ ఎక్స్ఛేంజ్ గంటలు పోకుండా వెళ్లిరావడం ఎలా

ఎక్స్ఛేంజ్‌కి వెళ్లొచ్చిన బీఎస్సీ నర్సింగ్ విద్యార్థిని కాలేజీలో ముందుగా అడిగేది ఊరెలా ఉంది అని కాదు. "ఎన్ని గంటలు చేశావు? ఏ సబ్జెక్టు కింద వెయ్యాలి?" అని అడుగుతారు. దానికి జవాబు కాగితం మీద లేకపోతే అక్కడ నెల రోజులు వార్డులో నిలబడి చేసిందంతా ఇక్కడ సెలవు కిందికి పోతుంది, ఆ గంటల్ని మళ్లీ పూరించాల్సి వస్తుంది. అందుకే టికెట్టు, చలికోటు కంటే ముందు గంటల లెక్కతో మొదలుపెట్టాలి.

ముందు, మీ చేతికొచ్చింది ఎక్స్ఛేంజేనా?

ఎక్స్ఛేంజ్ రెండు కాలేజీల మధ్య జరిగే పని. మీ కాలేజీకీ అక్కడి విశ్వవిద్యాలయానికీ సంతకాలైన ఒప్పందం ఉండాలి. అది ఉంటే మామూలుగా అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు, ఇక్కడి ఫీజు మాత్రం యథాప్రకారం కట్టాలి. యూరప్ వాళ్ల ఎరాస్మస్ ప్లస్ కార్యక్రమం కూడా ఇలాగే నడుస్తుంది: రెండు సంస్థల మధ్య ఒప్పందం లేకుండా విద్యార్థి ఒంటరిగా దరఖాస్తు పెట్టుకునే వీలు లేదు. అందులో పూర్తి స్థాయి శిక్షణ 2 నెలల నుంచి 12 నెలల దాకా ఉంటుంది.

అబ్జర్వర్‌షిప్ వేరే సంగతి. రెండు మూడు వారాలు నిలబడి చూడటమే, పేషెంటు మీద చెయ్యి వెయ్యనివ్వరు. నేర్చుకునేది ఉంటుంది కానీ క్లినికల్ గంటల కింద లెక్కకు రావడం కష్టం. ఇక వైజాగ్ ద్వారకానగర్‌లో బ్రోచర్ చేతిలో పెట్టి "సీటు గ్యారంటీ, లక్షన్నర కట్టండి" అనేవాళ్లు అమ్మేది ఎక్కువగా టూర్. తేడా తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: "అక్కడ నన్ను అసెస్ చేసి సంతకం పెట్టేది ఎవరు, ఏ హోదాలో?" దీనికి నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

ఇంకొకటి. ఎక్స్ఛేంజ్ వల్ల ఆ దేశంలో నర్సుగా రిజిస్ట్రేషన్ రాదు. లైసెన్సు పరీక్షలు, భాషా పరీక్షలు వేరే దారి. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి, లేదంటే "వెళ్లావుగా, అక్కడే ఉండిపోలేదేం" అని తర్వాత అడుగుతారు.

ఏ సెమిస్టర్‌లో వెళ్లాలి

2021లో గెజిట్‌లో వచ్చిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త సిలబస్ ప్రకారం నాలుగేళ్లకు 8 సెమిస్టర్లు. మొదటి ఏడింటిలో ఒక్కోటి 26 వారాలు: చదువు, పోస్టింగులు 20 వారాలు, సెలవులు 3, పండగలు 1, పరీక్షలూ ప్రిపరేషనూ 2. ఎనిమిదోది దాదాపు పూర్తిగా ఇంటర్న్‌షిప్, వారానికి 48 గంటల చొప్పున 22 వారాలు.

హాజరు నిబంధన ఇక్కడే పట్టేస్తుంది. పరీక్షకు కూర్చోవాలంటే ప్రతి సబ్జెక్టులో థియరీకీ ప్రాక్టికల్‌కూ విడివిడిగా 80 శాతం కావాలి. డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ హాజరు నూటికి నూరు శాతం ఉండాలి. అంటే 20 వారాల్లో 4 వారాలు పోయినా థియరీలో ఎలాగో గట్టెక్కొచ్చు గానీ, క్లినికల్లో పోయిన ప్రతి గంటా ఎప్పటికైనా పూరించాల్సిందే. జ్వరమొచ్చి మరో మూడు రోజులు పోతే ఆ థియరీ 80 కూడా జారిపోతుంది. కాబట్టి నాలుగు వారాల ఎక్స్ఛేంజ్‌ని సెమిస్టర్ నడిమధ్యలో పెట్టుకోవద్దు. 3 వారాల సెలవుకు ముందో వెనకో ఒక వారం కలిపి వెళ్తే పోయేది ఆ ఒక్క వారమే.

మా ఓటు 5, 6 సెమిస్టర్లకు. అప్పటికి మెడికల్ సర్జికల్ పోస్టింగులు అయి ఉంటాయి, చేతికి పని వచ్చి ఉంటుంది. రెండో సెమిస్టర్‌లో పంపితే అక్కడ బీపీ చూడటం తప్ప ఏమీ అప్పగించరు. మిడ్‌వైఫరీ ప్రొసీజర్ బుక్‌లో నింపాల్సిన కేసులు మాత్రం ఇక్కడే పూర్తి చేసుకోండి. వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) ప్రసూతి వార్డులో దొరికే అనుభవం అక్కడ అతిథి విద్యార్థికి దొరకదు, కాన్పు గదిలో మూలన నిలబెడితే అదే గొప్ప.

వాళ్ల క్యాలెండర్ కూడా చూడండి. స్వీడన్, ఫిన్లాండ్ లాంటి నార్డిక్ దేశాల్లో జులై అంతా సెలవుల మూడ్. విశ్వవిద్యాలయాలు ఖాళీ, వార్డుల్లో తాత్కాలిక సిబ్బంది, మీకు నేర్పాల్సిన నర్సు సమ్మర్ కాటేజీలో ఉంటుంది. క్రిస్మస్, ఈస్టర్ వారాలూ అంతే.

గంటల లెక్క: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే

మన క్రెడిటూ యూరప్ క్రెడిటూ పేరులో ఒకటే, కొలతలో కాదు. మన సిలబస్‌లో థియరీకి 1 క్రెడిట్ అంటే సెమిస్టర్ మొత్తం మీద 20 గంటలు, ల్యాబ్‌కి 40, క్లినికల్‌కి 80. యూరప్‌లో 1 క్రెడిట్ అంటే ఇంట్లో చదివింది, రాసింది, వార్డులో చేసింది అన్నీ కలిపి 25 నుంచి 30 గంటలు.

ఒక లెక్క వేసి చూద్దాం. అక్కడ వారానికి 37.5 గంటల చొప్పున 4 వారాలు చేశారు. మొత్తం 150 గంటలు. వాళ్ల సర్టిఫికెట్ మీద "5 క్రెడిట్లు" అని వస్తుంది. చూసి సంబరపడతారు. ఇక్కడ 150ని 80తో భాగిస్తే 1.875. రెండు క్రెడిట్లకు 160 కావాలి, 10 గంటలు తక్కువ. అదే ఎనిమిదో సెమిస్టర్‌లో వెళ్లి ఉంటే ఇక్కడ ఆ 4 వారాలకు 192 గంటలు లెక్క, అంటే 42 గంటలు లోటు. ఎనిమిది గంటల డ్యూటీలు ఐదు, ఆ పైన ఇంకో రెండు గంటలు. మధ్యలో వాళ్ల పండగ ఒకటి పడితే ఇంకో ఏడున్నర.

కాబట్టి విదేశీ సర్టిఫికెట్‌లో క్రెడిట్లతో పాటు గంటలు అంకెల్లో ఉండాలని మొదటి ఉత్తరంలోనే అడగండి. భోజన విరామం డ్యూటీలో కలుపుతారో లేదో కూడా తేల్చుకోండి. చాలాచోట్ల ఆ అరగంట కలపరు, మీరు లాగ్ బుక్‌లో 8 అని రాస్తే వాళ్లు 7.5కే సంతకం పెడతారు. ఇక్కడ క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ మేడం రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా దొరికిపోతుంది, ఆ తర్వాత మొత్తం రికార్డునే అనుమానంగా చూస్తారు.

బయల్దేరే ముందు ఒక పేజీ పట్టిక తయారు చేయండి. ఒక వరుసలో ఇక్కడి సబ్జెక్టు, సిలబస్‌లోని యూనిట్, కావలసిన గంటలు. ఎదురుగా అక్కడి వార్డు, వారాలు, వారానికి గంటలు. చివరి గడిలో లోటు, దాన్ని ఎప్పుడు, ఎక్కడ పూరిస్తారు అన్నది. ఉదాహరణకు "చైల్డ్ హెల్త్ నర్సింగ్ క్లినికల్: 80 గంటలు, పిల్లల సర్జికల్ వార్డు, 2 వారాలు, 75 గంటలు, లోటు 5, తిరిగొచ్చాక మొదటి శనివారం". ఈ పేజీ మీద ప్రిన్సిపాల్, అక్కడి కోఆర్డినేటర్ ఇద్దరి సంతకాలూ ఉండాలి. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉన్న కాలేజీ అయితే విశ్వవిద్యాలయానికి ఉత్తరం కాలేజీ ద్వారానే వెళ్లాలి, అనుమతి రాతలో రావాలి. డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లో ఈ పని క్యాంపస్‌లోనే తెమిలిపోతుంది, త్వరగా అవుతుంది. ఎవరో ఫోన్లో "వెళ్లిరామ్మా, చూసుకుందాం" అన్నదాన్ని అనుమతి అనుకోవద్దు. వచ్చేసరికి ఆ కుర్చీలో వేరే మనిషి ఉండొచ్చు.

టీకాలు: ఏడాది ముందు మొదలుపెట్టాలి

వీసా వల్లే కాదు, టీకాల ఫారం వల్ల కూడా ఆగిపోయేవాళ్లుంటారు. కారణం హెపటైటిస్ బి. మూడు డోసులు: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. చివరి డోసు తర్వాత నెల నుంచి రెండు నెలల్లో యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ పరీక్ష, అంటే రక్తంలో యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూడటం. 10 లేదా అంతకు మించి వస్తేనే రక్షణ ఉన్నట్టు లెక్క. మొత్తం కలిపితే 7, 8 నెలలు. టైటర్ తక్కువొస్తే మళ్లీ డోసు, మళ్లీ పరీక్ష. ఫస్టియర్‌లో కాలేజీలో వేయించుకున్నవాళ్లు కూడా "వేయించుకున్నాం" అంటే చాలదు, తేదీలతో కార్డు కావాలి.

ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు, మధ్య 28 రోజులు. చికెన్‌పాక్స్ చిన్నప్పుడు వచ్చిందని అమ్మ చెప్పినా చాలా ఫారాలు ఒప్పుకోవు, యాంటీబాడీ పరీక్ష గానీ రెండు డోసులు గానీ చూపించాలి.

టీబీ పరీక్షలో ఒక చిక్కుంది. మనందరికీ పుట్టగానే బీసీజీ వేస్తారు, దానివల్ల చర్మం మీద చేసే మాంటూ పరీక్ష పాజిటివ్ రావచ్చు. బీసీజీ ప్రభావం పడని రక్తపరీక్ష ఉంది, ఇగ్రా అంటారు. ఖర్చు ఎక్కువే అయినా నేరుగా అదే చేయించుకోండి. ఎంఎంఆర్ లాంటి లైవ్ టీకాలు టీబీ పరీక్ష ఫలితాన్ని దెబ్బతీస్తాయి కాబట్టి రెండూ ఒకే రోజున అయినా పెట్టుకోవాలి, లేదా టీకా తర్వాత కనీసం 4 వారాలు ఆగాలి.

నార్డిక్ దేశాలు, నెదర్లాండ్స్ ఆసుపత్రులు ఎంఆర్ఎస్ఏ (చాలా యాంటీబయాటిక్స్‌కి లొంగని బాక్టీరియా) స్వాబ్ కూడా అడుగుతాయి: ముక్కు, గొంతు వంటిచోట్ల నుంచి శాంపిల్. మన దేశంలో వార్డులో పనిచేసి వచ్చినవాళ్లంటే వాళ్లకు ఆ భయం ఉంది, అది మనల్ని తక్కువ చెయ్యడం కాదు. ఇక్కడి చివరి పోస్టింగ్ అయ్యాకే శాంపిల్ ఇవ్వండి. ముందే ఇచ్చి, ఆ తర్వాత మళ్లీ ఐసీయూ డ్యూటీ చేస్తే ఆ రిపోర్టుకు విలువ లేదు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు, ఆపైన వీసా

వైజాగ్ పాస్‌పోర్టు ఆఫీసు మర్రిపాలెంలో ఉంది. 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు ₹1,500, తత్కాల్‌కి ఇంకో ₹2,000. డబ్బు సంగతి సరే, అసలు తలనొప్పి మన పేర్లు. టెన్త్ మెమోలో "జి. లావణ్య" అని, ఆధార్‌లో "గొర్లె లావణ్య" అని, కాలేజీ ఐడీలో ఒట్టి "లావణ్య జి" అని ఉంటుంది. అక్కడి కంప్యూటర్‌కి వీళ్లు ముగ్గురు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో మొత్తం పేరు సర్‌నేమ్‌గా పడి, ముందు పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" (ముందు పేరు తెలియదు) అని వస్తుంది. ఇంటిపేరు పూర్తిగా రాయించి, అదే వరుసలో ఆహ్వాన పత్రం, ఇన్సూరెన్స్, టికెట్, టీకా కార్డు అన్నిటిమీదా ఉండేలా చూసుకోండి. టీకా కార్డు సంగతి అందరూ మర్చిపోతారు.

షెంగెన్ దేశాలకు (ఒకే వీసా పనిచేసే యూరప్ దేశాలివి) షార్ట్ స్టే వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా పడుతుంది. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు ఇన్సూరెన్స్ తప్పనిసరి. 90 రోజులు దాటితే ఆ దేశం ఇచ్చే చదువు పర్మిట్ కావాలి. 90 లోపే అయినా వార్డు శిక్షణకు ఏ రకం వీసా సరిపోతుందో అక్కడి కోఆర్డినేటర్‌తో రాతలో చెప్పించుకోండి. "విజిట్" అని దరఖాస్తు పెట్టి ఆహ్వాన పత్రంలో "క్లినికల్ ప్రాక్టీస్" అని ఉంటే తిరస్కరించవచ్చు, ఆ ముద్ర తర్వాతి దరఖాస్తుల్లోనూ వెంటాడుతుంది.

అమెరికాకు ఎక్స్ఛేంజ్ అంటే జే-1 వీసా. అక్కడి సంస్థ డీఎస్-2019 అనే ఎక్స్ఛేంజ్ అర్హత పత్రం పంపాలి, ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దిగొచ్చు, కానీ రైలు లేటైతే స్లాట్ పోతుంది. ఒకరోజు ముందే వెళ్లండి.

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆర్నెల్లు ఎనిమిది వేలుండి చివరి వారంలో నాలుగు లక్షలు పడితే ఎవరికైనా అనుమానమే. ఆ డబ్బు బంగారు లోనుదో చిట్టీ పాటదో, ఏదైనా దాని కాగితం జత చేయండి.

సామానులో ఒక్క మాట. యూరప్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లనివ్వరు. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా విమానాశ్రయంలో చెత్తబుట్టలోకి పోతాయి. పచ్చి కరివేపాకు కూడా అంతే. ఆవకాయ, కందిపొడి చెక్-ఇన్ సంచిలోనే పెట్టండి.

వార్డులో మొదటి వారం

మన దగ్గర పేషెంటుకు మొహం కడిగేది, గంజి తాగించేది, బెడ్‌పాన్ పెట్టేది వెంట వచ్చిన మనిషి. కేజీహెచ్‌లో ఏ వార్డు చూసినా శ్రీకాకుళం నుంచో ఏజెన్సీ నుంచో వచ్చిన అమ్మో అన్నో మంచం పక్కనే ఉంటారు. అక్కడ ఆ మనిషి ఉండరు. ఆ పనంతా నర్సింగే, డిగ్రీ ఉన్న నర్సు కూడా చేస్తుంది. ఇంజెక్షన్లు చెయ్యనివ్వకుండా స్నానాలు చేయిస్తున్నారని చిన్నబుచ్చుకునేవాళ్లు ఉంటారు. స్నానం చేయిస్తూనే వాళ్లు చర్మం, ఆయాసం, మతిమరుపు, కాళ్లవాపు అన్నీ చూసేస్తారు. మీ మెంటర్, అంటే మీకు నేర్పే నర్సు, మిమ్మల్ని గమనించేదీ అక్కడే.

పేషెంటును ఎత్తడం పూర్తిగా మర్చిపోండి. మనం చంకల కింద చేతులేసి "ఒకటి, రెండు, మూడు" అని పైకి లాగుతాం. అక్కడ అలా చేస్తే వెంటనే ఆపేస్తారు: పేషెంటు భుజానికీ ప్రమాదం, మీ నడుముకీ ప్రమాదం. స్లైడ్ షీట్ వాడే పద్ధతి ఇది. మంచం బ్రేకులు వేసి మీ తుంటి ఎత్తుకు లేపాలి. పేషెంటును పక్కకు ఒత్తిగిల్లించి, జారుడు గుడ్డను సగం చుట్టి వీపు వెంబడి దూర్చి, రెండోవైపుకు తిప్పి చుట్ట విప్పాలి. ఇద్దరూ చెరోవైపు, ఒక కాలు ముందుకు ఒక కాలు వెనక్కి పెట్టి నిలబడి, పై పొర అంచు పట్టుకుని ఒంటి బరువును వెనక కాలి నుంచి ముందు కాలి మీదికి మార్చాలి. చేతులతో లాగడం కాదు. పేషెంటు తనంతట జారినట్టు పైకి వస్తాడు. అవ్వగానే గుడ్డ తీసెయ్యాలి. వదిలేస్తే మంచం మీంచి జారిపడే ప్రమాదం, కొత్తవాళ్లు మర్చిపోయేది అదే.

అంకెలు తికమక పెడతాయి. షుగర్ యూరప్‌లో చాలాచోట్ల మిల్లీమోల్స్‌లో ఉంటుంది. 18తో గుణిస్తే మన మిల్లీగ్రాముల లెక్క వస్తుంది. తెర మీద 14 అని చూసి పేషెంటు పడిపోతున్నాడని కంగారు పడొద్దు, అది 252. కంగారు పడాల్సింది 3.2కి, అంటే 58. హిమోగ్లోబిన్ 98 అంటే మన 9.8. క్రియాటినిన్ 88 అంటే మన 1. జ్వరం 38.3 అంటే 101. ఇవి ఒక చిన్న కార్డు మీద రాసి జేబులో పెట్టుకోండి.

మందుల విషయంలో మన నాలుకకు బ్రాండ్ పేర్లే అలవాటు. "డోలో ఇచ్చాను, పాన్ ఫార్టీ పెట్టాను" అంటే అక్కడ ఎవరికీ తెలియదు. పారాసెటమాల్, పాంటొప్రజోల్ అనాలి. అమెరికాలో పారాసెటమాల్‌ని ఎసిటమినోఫెన్ అని, సాల్బుటమాల్‌ని ఆల్బ్యుటెరాల్ అని అంటారు. వెళ్లే ముందు ఇక్కడి వార్డులో నెలరోజులు కేస్ షీట్ చూస్తూ ప్రతి మందునూ జెనెరిక్ పేరుతో పలకడం అలవాటు చేసుకోండి.

మోచేతి కింద ఏమీ ఉండకూడదు: గాజులు, ఉంగరాలు, చేతి గడియారం, నెయిల్ పాలిష్, ఏదీ. గడియారం జేబుకు తగిలించేది కొనుక్కోండి. నార్డిక్ దేశాల్లో మామూలుగా యూనిఫాం ఆసుపత్రే ఇస్తుంది, అక్కడే మార్చుకుని అక్కడే ఉతకడానికి వెయ్యాలి. ఇంటికి వేసుకెళ్తే తప్పు కింద రాస్తారు.

కోర్సు ఇంగ్లీషులో ఉన్నా వార్డు ఇంగ్లీషులో నడవదు. ఎనభై ఏళ్ల ముసలావిడకు స్వీడిష్ తప్ప రాదు. కనీసం నొప్పి గురించి అడగడం నేర్చుకోండి: స్వీడిష్‌లో "హార్ దూ ఉంట్?", ఫిన్నిష్‌లో "ఒంకో తెయిల్లా కిపుయా?" అలాంటివి ఒక యాభై చాలు. తల అడ్డంగా ఊపి "సరే" అనడం మానెయ్యండి, వాళ్లకు అది "కాదు". నార్డిక్ వార్డుల్లో సార్, మేడం అనకుండా డాక్టర్‌ను పేరుపెట్టి పిలవడం మొదట నోరు రాదు, పిలవాల్సిందే. అన్నిటికంటే, చేతులు కట్టుకుని చెప్పేదాకా ఆగడం ఇక్కడ వినయం, అక్కడి అసెస్‌మెంట్‌లో "చొరవ లేదు". పొద్దున్నే మెంటర్‌కి మీరే చెప్పండి: "ఈరోజు డ్రెస్సింగ్ నేను చేస్తాను, మీరు చూడండి. కాథెటర్ నేను చూస్తాను, మీరు చెయ్యండి."

ఫోన్ లాకర్‌లోనే. వార్డులో సెల్ఫీ, వెనకాల పేషెంటు పేరున్న బోర్డు, అది స్టేటస్‌లో పెడితే ప్లేస్‌మెంట్ అక్కడితో ఆగిపోవచ్చు.

సూది గుచ్చుకుంటే దాచొద్దు. రక్తాన్ని పిండకుండా సబ్బునీళ్లతో కడిగి, వెంటనే మెంటర్‌కి చెప్పి, రిపోర్టు రాయించండి. హెచ్ఐవీ నివారణ మందు అవసరమైతే ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే మామూలుగా ఇవ్వరు. టీకా టైటర్ కాగితం ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి, డాక్టర్ అడిగేవాటిలో అదొకటి. మీ ఇన్సూరెన్స్‌లో ఇలాంటి డ్యూటీ ప్రమాదం ఉందో లేదో పాలసీ కొనేటప్పుడే చూడండి, పర్యాటకుల పాలసీల్లో చాలావాటిలో ఉండదు.

చివరి వారం, ఆ తర్వాత

సంతకాలన్నీ చివరి రోజుకు వదలొద్దు. ఆ రోజు మెంటర్‌కి నైట్ డ్యూటీ ఆఫ్ ఉండొచ్చు. ప్రతి శుక్రవారం ఆ వారం గంటలకు సంతకం పెట్టించుకోండి. బయల్దేరే నాలుగు రోజుల ముందు ఈ మూడూ చేతిలో ఉండాలి: గంటలు అంకెల్లో ఉన్న సర్టిఫికెట్, మార్కులతో అసెస్‌మెంట్ ఫారం, ప్రొసీజర్లు "చూశాను", "సాయం చేశాను", "స్వయంగా చేశాను" అని విడదీసి రాసిన జాబితా. మూడోదాన్ని ఎవరూ అడిగి ఇవ్వరు, మీరే టైపు చేసి తీసుకెళ్లాలి. అక్కడి ఆఫీసులు మన గుండ్రటి రబ్బరు స్టాంపు వెయ్యవు. ఇక్కడి ఆఫీసులో స్టాంపు లేని కాగితం కాగితమే కాదు. కాబట్టి లెటర్‌హెడ్ మీద ఇచ్చి, అదే ఫైల్‌ను వాళ్ల అధికారిక ఈమెయిల్ నుంచి నేరుగా ప్రిన్సిపాల్‌కి కూడా పంపమని అడగండి.

వైజాగ్‌లో దిగిన వారంలోపే ఆ ఫైలు, వెళ్లేముందు సంతకాలైన పట్టిక కలిపి ఆఫీసులో ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. ఆ నంబరున్న జిరాక్స్ కాపీని క్యూములేటివ్ రికార్డులో అంటించండి. లోటు గంటలకు డ్యూటీ వేయమని అదే రోజు అడిగితే ఆ నెల రోస్టర్‌లో చోటు దొరుకుతుంది. ఇంటర్నల్స్ మొదలయ్యాక అడిగితే మిగిలేవి ఆదివారాలూ నైట్లే.